చిన్న వలయం ఎటువైపు? లాన్ బౌల్స్ మీది అక్షరాలకు మళ్లీ రంగు నింపిన ఒక కేసు

మెల్‌బోర్న్ శివార్లలో నాదొక చిన్న షాపు. ట్రోఫీల మీద పేర్లు, తలుపులకు నేమ్ ప్లేట్లు, కుక్కల మెడలో వేసే బిళ్లలు, ఇలాంటివి చెక్కుతాను. చుట్టుపక్కల నాలుగైదు లాన్ బౌల్స్ క్లబ్బులు ఉన్నాయి కాబట్టి, ఆ ఆటకు వాడే బౌల్స్ అనే బరువైన బంతుల మీద వెలిసిపోయిన అక్షరాలకు, గుర్తులకు మళ్లీ రంగు నింపే పని కూడా ఏడాదికి ఓ ఇరవై సెట్ల దాకా వస్తుంది. అందులో ఒక సెట్ గురించి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఆ పనిలో నేను రెండుసార్లు తప్పు చేశాను. మొదటి తప్పు రంగు నింపిన పద్ధతిలో జరిగింది. రెండోది రంగు చక్కగా కుదిరిన తర్వాతే బయటపడింది. నా పని పద్ధతిని మార్చింది ఆ రెండోదే.

సెట్ తెచ్చినావిడ అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గానీ, క్లబ్‌ను గానీ గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపా రాణి తిర్కీ కలిసి దక్షిణాఫ్రికా మీద 17-10 తేడాతో స్వర్ణం గెలిచారు. మన వాళ్లలో చాలామంది లాన్ బౌల్స్ అనే మాట మొదట విన్నది అప్పుడే. ఆస్ట్రేలియాలో మాత్రం చాలా పేటల్లో ఒక క్లబ్ ఉంటుంది. బాగా కత్తిరించిన గడ్డి మీద, దూరంగా ఉన్న జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా మన బౌల్‌ను దొర్లించాలి. చెప్పుకుంటే ఆట అంతే. అసలు కష్టమంతా ఆ బౌల్ తిన్నగా వెళ్లకపోవడంలో ఉంది.

బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్క కాస్త ఎక్కువగా, ఇంకో పక్క కాస్త తక్కువగా చెక్కి ఉంటుంది. లోపల బరువేదో పెట్టారని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు, వంపు తెచ్చేది ఆకారమే. వేగం తగ్గేకొద్దీ బౌల్ ఒక పక్కకు ఒరిగి వంపు తిరుగుతుంది. దీన్నే బయాస్ అంటారు. ఎటు వంగుతుందో తెలియడానికి రెండు పక్కలా గుర్తులు చెక్కి ఉంటాయి. బయాస్ ఉన్న పక్క చిన్న వలయం, అందులో చిన్న బొమ్మ. రెండో పక్క పెద్ద వలయం, పెద్ద బొమ్మ. కుడిచేతి వాళ్లు ఫోర్‌హ్యాండ్, అంటే బౌల్ కుడి పక్క నుంచి వంగి వచ్చేలా, వేసేటప్పుడు చిన్న వలయం ఎడమవైపు, అంటే వంపు లోపలివైపు ఉండాలి. బ్యాక్‌హ్యాండ్‌కు తిప్పి పట్టుకోవాలి. పొరపాటున అటుదిటు పట్టుకుంటే, జాక్ వైపు రావాల్సిన బౌల్ పక్క రింక్ (పక్కవాళ్లు ఆడే గడ్డి పట్టీ) వైపు వెళ్లిపోతుంది. దీన్ని రాంగ్ బయాస్ అంటారు. చాలా ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు కూడా ఎప్పుడో ఒకసారి చేసే తప్పే ఇది. కానీ మ్యాచ్‌లో జరిగితే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

ఈ గుర్తులతో పాటు బౌల్ మీద సైజు అంకె, మోడల్ పేరు, సెట్ నంబరు, ఆట నియమాలకు సరిపోయిందని వేసే రిజిస్ట్రేషన్ ముద్ర, ఒక్కోసారి యజమాని పొడి అక్షరాలు కూడా ఉంటాయి. నేను కొలిచిన పాత సెట్లలో అక్షరం గీత వెడల్పు అర మిల్లీమీటరు, లోతు పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు ఆ గాడుల్లో రంగు ఉంటుంది. తడి గుడ్డతో తుడవడం, ఎండ, గడ్డి, చేతి చెమట కలిసి కొన్నేళ్లలో దాన్ని తినేస్తాయి.

ఒకప్పుడు బౌల్స్‌ను లిగ్నమ్ వైటే అనే చాలా బరువైన చెక్కతో చేసేవారు. 1918లో ఇదే మెల్‌బోర్న్‌లో హెన్సెల్ అనే ఆయన గట్టి రబ్బరుతో చేశాడు. ఆ తర్వాత గట్టి ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవన్నీ దాదాపు అవే. ఈ ప్లాస్టిక్‌ను అచ్చులో వేడితో గట్టిపరుస్తారు. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు, నీటిని పీల్చుకోదు. ఈ చివరి మాటను నేను మొదట్లో సీరియస్‌గా తీసుకోలేదు.

వచ్చిన సమస్య

ఏప్రిల్ చివర్లో, సీజన్ అయిపోయాక, ఒకావిడ నాలుగు నల్లటి బౌల్స్ ఉన్న బ్యాగును చక్రాల బండి మీద లాక్కుంటూ షాపుకు వచ్చారు. డెబ్బై దాటిన వయసు. మన వైపు టీచర్‌గా రిటైరై, పిల్లల దగ్గరకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పక్కింటివాళ్లు పిలిస్తే సరదాగా వెళ్లి ఆట నేర్చుకున్నారు, నాలుగేళ్లలో మిడ్‌వీక్ పెనెంట్ (వారం మధ్యలో క్లబ్బుల మధ్య జరిగే పోటీ) జట్టులోకి వచ్చారు. ఆ బౌల్స్ ఆటమానేసిన ఒక పెద్దాయన దగ్గర కొన్నవి.

"బాబూ, వీటి అక్షరాలన్నీ మళ్లీ కొత్తవాటిలా తెల్లగా మెరవాలి. చెయ్యగలవా?" అన్నారు.

ఎందుకని అడిగితే అసలు సంగతి చెప్పారు. కిందటి సీజన్‌లో మ్యాచ్‌ల్లోనే మూడుసార్లు రాంగ్ బయాస్ వేశారట. జట్టులో ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ మ్యాచ్ ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టడం మానేసింది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండో కంటిలో రెటీనాకు సంబంధించిన సమస్య, డాక్టర్ చూస్తున్నారు. దూరంగా ఉన్న జాక్ కనిపిస్తుంది కానీ, చేతిలో ఉన్న నల్లటి బౌల్ మీది నల్లటి గాడి కనిపించడం లేదు.

నేను లూప్‌తో, అంటే కంటికి ఆనించుకునే భూతద్దంతో, చూశాను. గాడుల్లో రంగు దాదాపు లేదు. అంచులు బాగానే ఉన్నాయి, లోతు సరిపోతుంది, మళ్లీ చెక్కాల్సిన పనిలేదు. చెక్కాల్సి వస్తే నేను ఒప్పుకునేవాణ్ని కాను. రిజిస్ట్రేషన్ ముద్ర ఉన్న బౌల్ ఆకారాన్ని మార్చకూడదన్నది ఆట నియమం. ముద్రను లోతు చేయడం, పైన పాలిష్ పట్టడం లాంటి పనులకు నేను దూరంగా ఉంటాను. ఉన్న గాడిలో రంగు నింపడం, అది అంచు దాటి పైకి రాకుండా చూడటం, నా పని అంతవరకే.

ఆమె అడిగింది స్పష్టంగా ఉందనిపించి, ఇంకేమీ అడగకుండా సెట్ తీసుకున్నాను. ఆ రోజు అడగకుండా వదిలేసిన ప్రశ్న గురించి తర్వాత చెబుతాను.

మొదటి ప్రయత్నం

మా నాన్న శిలాఫలకాలు చెక్కేవారు. బడి గది ప్రారంభోత్సవం, గుడి జీర్ణోద్ధరణ, దాతల పేర్లు, అలాంటివి. నల్లరాయి మీద అక్షరాలు చెక్కాక వాటికి రంగు నింపడం చిన్నప్పుడు నా పని. కుంచెతో అక్షరం మీద ధారాళంగా పూసి, కాస్త ఆరగానే పైన తుడిచేస్తే గాడిలో రంగు మిగులుతుంది. చెక్కిన రాయి గరుకుగా ఉంటుంది, కాస్త పీల్చుకుంటుంది, అందుకే రంగును పట్టుకుంటుంది. చెయ్యి అలవాటుపడిన పద్ధతి కావడంతో బౌల్స్‌కు కూడా అదే వాడాను. తడి బట్టతో తుడిచి, ఆరబెట్టి, నీళ్లతో కలిపే తెల్ల అక్రిలిక్ పూశాను. తుడవడం తేలిక, వాసన ఉండదు, బౌల్‌కు హాని చేయదు. అప్పటికి అవి మంచి కారణాలే అనిపించాయి.

అంతకుముందు వచ్చిన సెట్లకు కూడా ఇలాగే చేసేవాణ్ని. ఎవరూ తిరిగి రాలేదు. రంగు నిలిచినందువల్ల రాలేదా, పోయినా ఊరుకున్నారా అని నేను ఎప్పుడూ కనుక్కోలేదు. ఈవిడ మాత్రం పన్నెండో రోజున వచ్చారు. ఆఫ్ సీజన్‌లో రెండు ప్రాక్టీస్ ఆటలు ఆడితే సగం అక్షరాలు రాలిపోయాయి.

అక్కడ నన్ను ఆపింది ఒక చిన్న ముక్క. బౌల్‌ను లైటు కింద తిప్పుతుంటే సైజు అంకె గాడిలోంచి అచ్చుపోసినట్టు మొత్తంగా ఊడి వచ్చింది. అరిగిపోయిన రంగైతే పైనుంచి పలచబడుతుంది. ఇది అడుగు నుంచే వదిలేసింది. ఆ ముక్కను తిప్పి లూప్‌తో చూస్తే వెనకవైపు పసుపు రంగు జిడ్డు పొర కనిపించింది. అంటే రంగు అసలు ప్లాస్టిక్‌ను ముట్టుకోనే లేదు, మైనం మీద కూర్చుంది.

ఆటగాళ్లు పట్టు కోసం బౌల్ మీద గ్రిప్ వాక్స్ రాస్తారు. తర్వాత గుడ్డతో తుడిచినప్పుడు పైన మైనం పోతుంది గానీ, గాడిలోకి ఇంకా కూరుకుపోతుంది. పాతికేళ్ల పాటు అలా పేరుకున్న మైనం, పాలిష్, గడ్డి దుమ్ము పొరలు ఆ గాడుల్లో ఉన్నాయి. నీళ్ల రంగు మైనం మీద నిలవదు. తామరాకు మీద నీటిబొట్టు సంగతి తెలిసినవాణ్నే అయినా, గాడిలో మైనం ఉందని చూడలేదు. పైన మెరుస్తోంది కాబట్టి శుభ్రంగా ఉందనుకున్నాను.

ఆమెకు జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బు తిరిగి ఇస్తానంటే తీసుకోలేదు. "సీజన్‌కు ఇంకా టైమ్ ఉంది కదా, నిదానంగా చెయ్యి నాయనా" అన్నారు.

పాత బౌల్ మీద పరీక్షలు

ఈసారి ఆమె బౌల్స్‌ను ముట్టుకోకముందు ఒక పనికిరాని బౌల్ సంపాదించాను. ఇక్కడ అవి సులభంగానే దొరుకుతాయి. క్లబ్బుల స్టోర్‌రూముల్లో పడి ఉంటాయి, కొందరు తోటల్లో దారి పక్కన అలంకారంగా పెట్టుకుంటారు. దాని మీద గుర్తులను నాలుగు భాగాలు చేసి, ఆటగాళ్లు, తోటి పనివాళ్లు చెప్పే పద్ధతులన్నీ పెట్టి చూశాను.

మైనపు క్రేయాన్‌తో రుద్దితే రెండు నిమిషాల్లో అక్షరం తెల్లగా కనిపిస్తుంది. చాలామంది ఇదే చేస్తారు. ఒక్క మ్యాచ్ వరకైతే నేనూ తప్పుపట్టను. కానీ ఎండకు మెత్తబడి చేతికి అంటుతుంది, పైగా గాడిలో ఇంకాస్త మైనం చేరుతుంది, తర్వాత రంగు వేసేవాడికి అది శత్రువు.

గోళ్ల రంగు బాగానే అంటుకుంది. కానీ అది త్వరగా పెచ్చు కట్టి అంచుల మీద గట్టు నిలబడింది. అదనంగా ఉన్నది తీయడానికి అసిటోన్ గుడ్డతో తుడిస్తే బౌల్ పై మెరుపు పోయి రూపాయి బిళ్లంత మచ్చ పడింది. ఏ తయారీ, ఏ ప్లాస్టిక్, పైన ఏ పూత అన్నది ప్రతి సెట్‌కూ మారుతుంది కాబట్టి, ఆ రోజు నుంచి అసిటోన్ సీసాను ఈ పనికి వాడటం మానేశాను.

పెయింట్ మార్కర్ పెన్నుల మొన గాడి కంటే వెడల్పుగా ఉంది, అంచు దాటుతోంది.

చిన్న బొమ్మలకు, మోడల్ విమానాలకు వాడే నూనె ఆధారిత ఎనామిల్ రంగు నిదానంగా ఆరుతుంది. మొదట అది లోపంలా కనిపించింది, తర్వాత అదే నాకు పనికొచ్చింది. ఆరడానికి టైమ్ పడుతుంది కాబట్టి తుడవడానికి, దిద్దడానికి వెసులుబాటు ఉంటుంది. దాన్ని పలచన చేసే వైట్ స్పిరిట్ ఆ బౌల్ మెరుపును మార్చలేదు. శుభ్రం చేసిన గాడిలో, చేయని గాడిలో ఒకే ఎనామిల్ వేసి, వారం ఆగి, తడి గుడ్డతో రెండు వందల సార్లు రుద్దాను. చేయని గాడిలో రంగు లేచిపోయింది. చేసిన గాడిలో అలాగే ఉంది. రంగు డబ్బా మార్చినంత మాత్రాన చాలదని, గాడి శుభ్రం చేయడం వల్లే రంగు నిలుస్తుందని ఈ ఒక్క పరీక్షతో తెలిసింది. రెండూ ఒకేసారి ఆమె సెట్ మీద మార్చి ఉంటే నాకు ఆ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు.

గాడి శుభ్రం చేయడం

పనిలో ఎక్కువ భాగం ఇదే. నాలుగు బౌల్స్‌కు నాకు పట్టిన ఏడు గంటల్లో రంగు వేసింది గంటకు మించదు.

ముందు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమాను. మరీ వేడినీళ్లు వాడలేదు. ఒక్కసారిగా వేడెక్కించి ఒక్కసారిగా చల్లార్చడం పాత ప్లాస్టిక్‌కు మంచిది కాదని నా భయం. ఆరాక వైట్ స్పిరిట్‌లో ముంచిన పంటిపుల్లతో ఒక్కో గీతనూ గీకుతూ వెళ్లాను. పుల్ల కొనకు గోధుమరంగు జిడ్డు అంటుతుంది. దాన్ని విరిచేసి కొత్త కొనతో మళ్లీ గీకాలి. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఇలాగే. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ఎందుకంటే వైట్ స్పిరిట్ మైనాన్ని కరిగిస్తుంది గానీ తాను కూడా పలచటి నూనె పొరను వదిలిపోతుంది. ఆల్కహాల్ ఆ పొరను తీసేసి త్వరగా ఆరిపోతుంది.

మొదటి బౌల్ దగ్గర తొందరపడ్డాను. సెట్ నంబరులో ఎనిమిది అంకె లోపల మైనం రాయిలా గట్టిపడి ఉంటే, పంటిపుల్ల వదిలి స్టీలు సూది తీసుకున్నాను. సూది జారి వెంట్రుకంత గీత పడింది. అదృష్టం కొద్దీ అది గుర్తులు చెక్కిన పక్క భాగం మీదే పడింది, బౌల్ దొర్లే భాగం మీద కాదు. ఆటకు ఏ తేడా రాదు. అయినా ఆమెకు ఫోన్ చేసి చెప్పి, వచ్చినప్పుడు చూపించాను. గాడిలోకి లోహం తీసుకెళ్లకూడదన్న నియమం అప్పుడే పెట్టుకున్నాను. గట్టిపడిన మైనానికి వైట్ స్పిరిట్ చుక్క వేసి పది నిమిషాలు ఆగితే చాలు.

పెద్దాయన పొడి అక్షరాలు

శుభ్రం చేస్తుంటే పాత యజమాని పొడి అక్షరాలు బయటపడ్డాయి. అంతవరకు మైనం కింద అవి కనిపించలేదు. వాటికి రంగు నింపాలా, వదలాలా అన్నది నేను నిర్ణయించేది కాదు. ఆమెను అడిగాను.

ఆవిడ బౌల్‌ను చేతిలోకి తీసుకుని వేలితో ఆ అక్షరాలను తడిమి చూశారు. "మా అత్తగారి పేరు చెక్కిన స్టీలు గిన్నెలు ఇప్పటికీ నా వంటింట్లో ఉన్నాయి. పేరు చెరిపించాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆయన పేరు కూడా అలాగే ఉండనీ. రంగు మాత్రం వద్దులే, నన్ను తికమక పెడుతుంది" అన్నారు.

ఆ చివరి మాటను నేను ఇంకాస్త శ్రద్ధగా విని ఉండాల్సింది. తన సమస్య ఏమిటో ఆమె అప్పటికే చెప్పేశారు.

రంగు నింపడం

జూలైలో మెల్‌బోర్న్‌లో చలి ఎక్కువ. నా షాపు వెనక గదిలో పొద్దున పన్నెండు డిగ్రీలు కూడా ఉండదు. అంత చలిలో ఎనామిల్ రోజుల తరబడి బంకగానే ఉంటుంది. అందుకని హీటర్ పెట్టి గదిని ఇరవై డిగ్రీల దగ్గర ఉంచాకే డబ్బా మూత తీశాను.

రంగును పాల చిక్కదనానికి పలచన చేశాను. మూడు సున్నాల (చాలా సన్నటి) కుంచె కొనకు చిన్న బొట్టు తీసుకుని గాడి మొదట్లో ఆనిస్తే చాలు, అది తనంతట తానే గాడి వెంట పాకుతుంది. సన్నటి సందులోకి ద్రవం తనకు తాను ఎక్కుతుంది కదా, దీపం ఒత్తి నూనెను లాక్కున్నట్టు. కుంచెతో రుద్దనక్కర్లేదు. మూలలు, మలుపుల దగ్గర మాత్రం ఇంకో బొట్టు కావాలి.

అదనంగా ఉన్నది తుడిచే దగ్గరే చాలామంది పాడుచేస్తారు. నేనూ మొదట్లో పాడుచేశాను. వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే వేలి మెత్తదనం గాడిలోకి దిగి రంగును పీకేస్తుంది. అందుకని పాత బ్యాంకు కార్డుకు నున్నటి బనియన్ గుడ్డను ఒకే పొరగా బిగించి చుట్టి, గాడికి అడ్డంగా, బౌల్ వంపు వెంట ఒకే దిశలో లాగాను. కార్డు గట్టిగా ఉంటుంది కాబట్టి గాడి మీద వంతెనలా నిలుస్తుంది, లోపలికి దిగదు. రంగు పైన సన్నటి పొర కట్టేదాకా, నా గదిలో దాదాపు ఇరవై నిమిషాలు, ఆగి ముందు పొడి గుడ్డతో తుడిచాను. మిగిలిన మసకను వైట్ స్పిరిట్ తగిలీ తగలనట్టున్న గుడ్డతో తీశాను. గుడ్డను పిండితే చుక్క రాకూడదు. వచ్చిందంటే గాడిలో రంగు కూడా వచ్చేస్తుంది.

ఎనామిల్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. మూడు రోజుల తర్వాత రెండో పూత వేశాను. అది కూడా బౌల్ పైతలం కంటే కాస్త కిందే ఆగేలా చూశాను. గాడి నిండా నింపితే చూడటానికి బాగుంటుంది, కానీ గుడ్డ, గడ్డి, వేళ్లు ముందు తగిలేది దానికే. కొంచెం లోపల ఉంటే గాడి అంచులే దానికి కాపలా కాస్తాయి. రిజిస్ట్రేషన్ ముద్రకు కూడా ఇలాగే పలచగా వేసి సంవత్సరం అంకెలు చదవగలిగేలా చేశాను. తర్వాత మూడు వారాలు సెట్‌ను ముట్టుకోవద్దని, కొత్తగా గ్రిప్ వాక్స్ రాయవద్దని చెప్పాను.

రంగు చక్కగా కుదిరింది. నల్లటి బౌల్ మీద రెండు పక్కలా తెల్లటి వలయాలు, బొమ్మలు, అంకెలు. ఆవిడ చూసి చాలా సంతోషించారు. నేనూ ఫోటోలు తీసుకున్నాను.

పని బాగుంది, ఆట బాగాలేదు

సీజన్ మొదలైన మూడో వారంలో ఆమె ఫోన్ చేశారు. రంగు ఎక్కడా రాలలేదు. కానీ రాంగ్ బయాస్ తగ్గలేదు సరికదా, రెండు మ్యాచ్‌ల్లోనే రెండుసార్లు జరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. "నాకే వయసైపోయిందేమో బాబూ, మానేద్దామనుకుంటున్నా" అన్నారు. ఆ మాట విన్నాక షాపులో కూర్చోలేకపోయాను.

మర్నాడు ప్రాక్టీస్‌కు వెళ్లి అంచున నిలబడి చూశాను. ఎంతసేపు చూస్తారు, ఎక్కడ పట్టుకుని చూస్తారు, ఏం చూస్తారు అన్నవి మాత్రమే గమనించాను. మొదటిరోజు అడగాల్సిన ప్రశ్న ఇదే. మ్యాట్ మీదకు, అంటే బౌల్ వేయడానికి నిలబడే చాప మీదకు, వచ్చాక ఆమె బౌల్‌ను నడుము దగ్గర పట్టుకుని, తలవంచి ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు జాక్ వైపు తిప్పేస్తారు. ఆ క్షణంలో ఆమె అక్షరాలు చదవడం లేదు. ఆ పక్కన తెల్లగా ఏదైనా ఉందా లేదా అన్నదే చూస్తున్నారు.

నేను రంగు వేయకముందు రెండు పక్కలా నలుపే. వేశాక రెండు పక్కలా తెలుపే. పెద్ద వలయమా, చిన్న వలయమా అని పోల్చాలంటే కన్ను ఆగి కొలవాలి. ఆమె కన్ను ఆ కొలత తీసుకోలేకపోతోంది. ఇంతకుముందు సందేహం వచ్చి రెండోసారి తిప్పి చూసుకునేవారు, ఇప్పుడు తెల్లగా కనిపిస్తుండటంతో నమ్మి వేసేస్తున్నారు. కొత్తవాటిలా కనిపించాలన్న కోరికను నేను నూటికి నూరు పాళ్లు తీర్చాను. ఆ కోరిక వెనకున్న అవసరాన్ని మాత్రం ముట్టుకోలేదు.

సరిదిద్దిన తీరు

రెండు పక్కలూ ఒకలా కనిపించకూడదు. ఆలోచన అంతే, కానీ ఈసారి రంగుతో మొదలుపెట్టలేదు. క్లబ్ ఆటల్లో ఏ జట్టు బౌల్స్ ఏవో తెలియడానికి గుర్తుల మీద స్టిక్కర్లు అంటించడం మామూలే. గుండ్రటి పసుపు స్టిక్కర్లు తెచ్చి చిన్న వలయం పక్కన మాత్రమే అంటించాను. పెద్ద వలయం పక్కన తెలుపు కనిపించకుండా నల్ల స్టిక్కర్ వేశాను. నచ్చకపోతే నిమిషంలో తీసేయవచ్చు. "పసుపు లోపలికి ఉండాలి, అంతే గుర్తుపెట్టుకోండి అమ్మా" అన్నాను.

రెండు వారాల ప్రాక్టీస్‌లో ఒక్కసారి కూడా తప్పు పడలేదు. స్టిక్కర్లు మాత్రం మంచు తడికి అంచులు లేచి, ఒకటి ఊడిపోయింది. అప్పుడు స్టిక్కర్ చెప్పిన సంగతినే రంగులోకి మార్చాను.

పెద్ద వలయం పక్కనున్న తెల్ల రంగును తీయాలంటే పూర్తిగా గట్టిపడిన ఎనామిల్‌ను కరిగించే ఘాటైన మందు వాడాలి. గోళ్ల రంగు పరీక్షలో పడిన మచ్చ గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకున్నాను. గాడిలో ఇంకా కాస్త లోతు మిగిలే ఉంది. అందుకే తెలుపు మీదే ముదురు బూడిదరంగు పలచగా వేశాను. దగ్గరగా చూస్తే చదవగలం, ఒక్క చూపులో మాత్రం నలుపులో కలిసిపోతుంది.

చిన్న వలయం పక్కన తెలుపు మీద పసుపు వేశాను. నలుపు మీద తెలుపే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా అని నేను తెల్లగానే ఉంచుదామనుకున్నాను. వద్దన్నది ఆవిడే. నున్నటి నల్ల బౌల్ మీద ఎండ పడితే తెల్లటి మెరుపు చుక్క కనిపిస్తుంది, పొద్దున మంచుబొట్లు కూడా తెల్లగానే మెరుస్తాయి. వాటినే గుర్తు అనుకుంటున్నానని చెప్పారు. పసుపుతో ఆ తికమక లేదు. ఇదే కారణంతో నిగనిగలాడే రంగు కాకుండా సగం మెరుపు ఉండే రకం తీసుకున్నాను. అసలు మెరుపు లేని రకం దుమ్ము పట్టి మాసిపోతుందని పాత బౌల్ మీద చూశాను. చిన్న వలయం పక్కన కూడా అంకెలను, అక్షరాలను బూడిదరంగు చేసి, వలయాన్ని, బొమ్మను మాత్రమే పసుపుగా ఉంచాను. వెలుగు ఒకేచోట ఉండాలని.

ఇప్పుడు చేస్తున్న తీరు

ఎవరు సెట్ తెచ్చినా ముందు బౌల్ చేతికిచ్చి, మ్యాట్ మీద ఎలా చూస్తారో అలా చూడమంటాను. షెల్ఫులో పెట్టుకోవడానికి తాతగారి సెట్ తెచ్చినవాళ్లకు రెండు పక్కలా అందంగా తెల్లగా నింపుతాను, అక్కడ అదే సరైన పని. ఆడేవాళ్లకైతే రెండు పక్కల మధ్య తేడా గురించి మాట్లాడాకే రంగు డబ్బా తీస్తాను. చూపు తగ్గిన వాళ్లకు ముందు స్టిక్కర్లతో రెండు వారాలు ఆడించి చూస్తాను. దీనివల్ల పని ఆలస్యమవుతుంది, కొందరికి విసుగు వస్తుంది. అయినా మార్చుకోలేదు.

కూలి లెక్క కూడా మార్చాను. ఇంతకుముందు అక్షరానికి ఇంత అని తీసుకునేవాణ్ని. అలా అయితే శుభ్రం చేసే టైమ్‌కు డబ్బు ఉండదు, చెయ్యి తెలియకుండానే తొందరపడుతుంది. ఇప్పుడు సెట్‌కు ఇంత, అందులో శుభ్రం చేయడం విడిగా రాసి ఇస్తాను. ఇంట్లో చేసుకుంటామని అడిగేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఒక పూట పంటిపుల్లలతో కూర్చునే ఓపిక ఉంటే రంగు ఎవరైనా వేసుకోవచ్చు. కొత్తగా వేసిన రంగు మీద మూడు వారాల పాటు గ్రిప్ వాక్స్ రాయకూడదు. ఆ తర్వాత కూడా వాక్స్‌ను వేళ్లు పట్టుకునే చోట మాత్రమే రాసుకుంటే మేలు.

తర్వాత

సీజన్ అయ్యాక ఆమె సెట్‌ను మళ్లీ చూశాను. మూడు బౌల్స్‌లో రంగు చెక్కుచెదరలేదు. నాలుగో దానిలో చిన్న వలయం మీద నువ్వుగింజంత పసుపు లేచింది. సరిగ్గా బొటనవేలు ఆనే చోట, వాక్స్ ఎక్కువగా చేరే చోట. అక్కడి వరకే శుభ్రం చేసి ఒక బొట్టు వేశాను, పది నిమిషాల పని. సీజన్ మొత్తంలో మ్యాచ్‌లో ఒక్క రాంగ్ బయాస్ పడింది. ఆ రోజు మాటల్లో పడి బౌల్ చూసుకోలేదని ఆవిడే చెప్పారు.

ఇప్పుడు ఆ బౌల్స్ రెండో సీజన్‌లో ఉన్నాయి. పెద్దాయన పొడి అక్షరాలు మాత్రం రంగు లేకుండా, నలుపులో నలుపుగానే ఉన్నాయి. వెలుతురుకు ఏటవాలుగా తిప్పితే కనిపిస్తాయి.